చెప్పుల లెక్క

నమోదు 1. సామర్లకోట రేవు, బయలుదేరే ముందు

మంటలార్పే సిలిండర్లు చూశాను, బాగానే ఉన్నాయి. పొగ గంటల కింద అగరొత్తి పెట్టి చూశాను, అన్నీ మోగాయి. వంటగదిలోది మాత్రం అగరొత్తి దాకా ఆగకుండా పోపు వాసనకే మోగుతోంది. వంటాయన దానికి తడిగుడ్డ చుట్టాడు. నేను విప్పాను. ఈ ట్రిప్పు అయ్యేదాకా ఆయన చుడుతూనే ఉంటాడు, నేను విప్పుతూనే ఉంటానని మా ఇద్దరికీ తెలుసు.

నా పేరు గరికిన నూకరత్నం. మత్స్యవల్లి అనే ఈ రెండంతస్తుల పడవ మీద భద్రత చూడటం నా పని. జనం వారం రోజులు ఇందులోనే తిని, ఇందులోనే పడుకుని, నీటి అడుగున ఉన్న ఊళ్ళు చూసి వెళతారు. ఈ పుస్తకం చేత్తోనే రాయాలని రూలు. యంత్రానికి చెబితే అది మర్యాదగా రాస్తుందట, నిజం తెలియదట. నాకు మర్యాద ఎలాగూ తక్కువే గనక ఇబ్బంది లేదు.

ఈసారి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఎగువ జిల్లాల వాళ్ళు. సముద్రాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ చెప్పాను. గదిలో మంచం పైన కప్పులో ఒక తలుపుంటుంది, పొగ వస్తే మెట్లవైపు పరుగెత్తకుండా అందులోంచి పైకి రావాలి. నీళ్ళలో ఊపిరికి తొడుక్కునే మొప్పకోటు బ్యాటరీ గదిలో ఛార్జింగు పెట్టకూడదు, వెనక డెక్కు మీద ఇనప్పెట్టెలోనే పెట్టాలి. నీళ్ళలోకి ఇద్దరిద్దరుగా దిగాలి. పైకి తేలేసరికి పడవ కనపడకపోతే దాని వెంట ఈదకూడదు. దొరికినదేదో పట్టుకుని ఉన్నచోటే ఉండి, నడుముకున్న నారింజరంగు గొట్టం ఊది నిలబెట్టి, విజిల్ వెయ్యాలి.

ఇంత చెప్పాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తారు. హమ్మయ్య, ఒకరైనా విన్నారనుకున్నాను.

"బిడ్డా, గీ పడవల చాయ ఎన్నిసార్లిస్తరు?"

ఆవిడ దూడం బాలవ్వ, సిరిసిల్లలో మరమగ్గాల మీద బతుకంతా నేసి ఇప్పుడు మానేశారు. పక్కన కూర్చుని నవ్వు ఆపుకుంటున్నది ఆవిడ ఆడబిడ్డ ఆడెపు సుగుణ. వదినా ఆడబిడ్డలు ఇంత కలిసిమెలిసి ఉండటం నేనెక్కడా చూడలేదు. ఒకరి కంచంలోది ఒకరు తింటారు, ఒకరి శాలువా ఒకరు కప్పుకుంటారు, ఒకర్ని అడిగిన మాటకి ఇంకొకరు జవాబు చెబుతారు.

పాతకాలంలో వీపుకి గాలి సిలిండరు కట్టుకుని దిగేవారట. గాలి అయిపోతుందన్న భయంతోనైనా వేళకి పైకి వచ్చేవారు. ఇప్పుడు మొప్పకోటు తొడుక్కుంటే అది నీళ్ళలోంచే ఊపిరి తీసి ఇస్తుంది. ఊపిరికి కరువు లేదు గనక జనానికి భయం లేదు. నాకు మాత్రం ఒక భయం ఉంది. ఎవరినైనా నీళ్ళలో మరిచిపోయి పడవ కదిలిపోతుందేమోనని. అలా జరగకుండా ప్రతి మనిషి చేతికీ ఒక కడియం తొడుగుతాం. మనిషి నీళ్ళలో ఉంటే, పడవ నడిపే సరంగు గదిలో పలక మీద అతని పేరు పక్కన నీలం దీపం, పడవ ఎక్కగానే పచ్చ దీపం వెలుగుతుంది. పచ్చ దీపాలన్నీ వెలిగితేనే లంగరు ఎత్తాలి.

కొత్త కడియాలు. ఓనరు ఈసారి చవగ్గా తెప్పించాడు.

నమోదు 2. పాత యానాం వంతెన దగ్గర

వంతెన మీద పగడాలు పూశాయి. స్తంభాల మధ్య చేపలు బస్సుల్లా బారులు తీరి వెళుతున్నాయి. అందరూ ఆనందంగా దిగి ఆనందంగా ఎక్కారు. నేను మాత్రం ఆనందంగా లేను.

మా గైడు మేరుగు సింహాద్రి నీళ్ళలోంచి తల పైకెత్తి నాతో మాట్లాడుతుండగా సరంగు గదిలోకి చూశాను. సింహాద్రి పేరు పక్కన పచ్చ దీపం. మెడదాకా నీళ్ళలో ఉన్న మనిషి పడవ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు చూపిస్తోంది. కడియం విప్పి చూస్తే లోపల ఉప్పునీరు. చచ్చిన కడియం చచ్చినట్టు చీకటైపోతే బాధ లేదు. ఇది చచ్చాక పచ్చగా వెలుగుతోంది. రేవు ఆఫీసుకి రేడియోలో చెప్పాను. వేరేవి లేవు, ఈ ట్రిప్పుకి సర్దుకోమన్నారు. సాయంత్రానికి ఇంకో రెండు కడియాలు అలాగే పచ్చబడ్డాయి.

"బాబాయ్, ఇక కడియాలను నమ్మొద్దు. లంగరెత్తే ముందు మనుషుల్ని నిలబెట్టి లెక్కపెడదాం" అన్నాను సరంగుతో.

సరంగు సూరాడ దానయ్య మామూలుగా నా మాట కాదనడు. ఈ మాటకి మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

"మనుసుల్ని లెక్కెట్టకూడదమ్మాయ్. గొర్రెలా ఏటి? నా పడవ మీద ఆ పని సెయ్యొద్దు."

అనడం తేలికే గానీ ఆయన బాధ నాకు తెలుసు. మా తీరం వాళ్ళెవరూ లెక్కపెట్టనివ్వరు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిన ఏడు మా పెద్దవాళ్ళని శిబిరాల్లో పెట్టారు. రోజూ పొద్దున్నే వరసగా నిలబెట్టి తలలు లెక్కపెట్టేవారట. జబ్బులతో రోజూ లెక్క తగ్గేదట. అప్పటినుంచి మా ఇళ్ళలో పెళ్ళి భోజనాలకి కూడా విస్తళ్ళు లెక్కపెడతారు గానీ మనుషుల్ని లెక్కపెట్టరు. నాకు మాత్రం ఆ పని చెయ్యాలంటే ఒళ్ళు జలదరించదా? జలదరిస్తుంది. అయినా నా జీతం అందుకే కదా.

ఇది తేలకుండానే ఇంకో తలనొప్పి. కింది నడవాలో నడుస్తుంటే ఏదో కాలికి తగిలి బోర్లా పడబోయాను. చూస్తే చెప్పులు. ప్రతి గది ముందూ చెప్పులు, బూట్లు, పిల్లల జోళ్ళు. పడవైనా సరే, గదిలోకి చెప్పులతో వెళ్ళడం మనవాళ్ళ వల్ల కాదు. పొగ కమ్మితే చీకట్లో జనం పాక్కుంటూ రావాల్సిన దారి అది. అన్నీ బుట్టలోకి ఎత్తి పైకి తెచ్చేశాను. కాసేపటికి ఒక్కొక్కరే ఉత్త కాళ్ళతో పైకి వచ్చి నా మొహం చూసి, చప్పుడు చెయ్యకుండా ఎవరివి వాళ్ళు ఏరుకున్నారు.

నమోదు 3. యానాం నుంచి తాళ్ళరేవు దారిలో

నాకు బుర్ర ఉందని ఈ పూట తేలింది.

నీళ్ళలోకి దిగే వెనక డెక్కు మీద చెక్కతో ఒక చెప్పుల స్టాండు కొట్టించాను. పడవ మీద ఎక్కడ తిరిగినా చెప్పులు కాళ్ళకే ఉండాలి, గదిలో విప్పితే మంచం కిందే పెట్టాలి, నీళ్ళలోకి దిగేటప్పుడు మాత్రం ఈ స్టాండులో విడవాలి అని చాటింపు వేశాను. చెప్పులతో ఎవరూ నీళ్ళలోకి దిగరు కదా. పైకి రాగానే డెక్కు కాల్తుంది గనక తొడుక్కోకుండా ఎవరూ నడవరు. అంటే స్టాండులో చెప్పులుంటే మనిషి నీళ్ళలో ఉన్నట్టు. స్టాండు ఖాళీ అయితే అందరూ ఎక్కినట్టు. మనిషిని లెక్కపెట్టకుండానే లెక్క తేలిపోతుంది.

దానయ్య బాబాయ్‌కి చూపించాను. గడ్డం గోక్కున్నాడు, రెండుసార్లు స్టాండు చుట్టూ తిరిగాడు.

"సెప్పుల్ని లెక్కెడితే దోసం లేదులే. బాగుందమ్మాయ్" అన్నాడు.

ఆయన నోటి వెంట బాగుంది అన్న మాట వంటాయన చేపల పులుసుకి తప్ప ఇంతవరకూ ఎవరూ వినలేదు. నేను రోజంతా నేల మీద నడవలేదనుకోండి. బాలవ్వగారైతే తన జోడు తెచ్చి పై అరలో నడిమధ్యన పెట్టారు. మందపాటి తోలు చెప్పులు, సిరిసిల్లలో చెప్పి కుట్టించుకున్నవట.

"ఇగ నా చెప్పులే నాకు పారా కాస్తయన్నట్టు" అన్నారు.

"చెప్పులు కాదవ్వా, నేను కాస్తాను" అన్నాను.

రెండుసార్లు దిగారు, రెండుసార్లూ స్టాండు ఖాళీ అయ్యాకే లంగరెత్తాం. ఇప్పుడు పలక మీద సగం పేర్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటున్నాయి. ఉండనీ, వాటితో నాకిక పని లేదు.

నమోదు 4. తాళ్ళరేవు

మునిగిన తాళ్ళరేవులో మధ్యాహ్నం దింపాం. ఊరు తాటిచెట్టు లోతున ఉంది. పాత నీళ్ళ ట్యాంకు ఒక్కటే తల బయటికి పెట్టి, కాకుల రెట్టలతో తెల్లగా నిలబడి ఉంది. నీరు తేటగా ఉండి వీధులు కూడా కనబడ్డాయి.

సుగుణగారికి చెవిపోటు వచ్చి ముందే పైకి వచ్చేశారు. సింహాద్రి ఆవిడని నిచ్చెన దాకా తెచ్చి, మిగతావాళ్ళ కోసం మళ్ళీ దిగాడు. చెవిలో చుక్కలు వేసి పడుకోమన్నాను. తర్వాత గుంపంతా ఒకేసారి తేలింది. ఆటు మొదలై నీరు సముద్రం లోపలికి లాగుతోంది గనక అందరినీ తొందరపెట్టి ఎక్కించాను. మొప్పకోట్లు విప్పడం, తువ్వాళ్ళు అందించడం, పకోడీల కోసం అరుపులు, అంతా జాతరలా ఉంది.

చివర్న సింహాద్రి ఎక్కి "అందరూ ఎక్కేసారా అక్కా? బాలవ్వగారు ఆ గుంపులో వచ్చేరా?" అని అడిగాడు. స్టాండు చూశాను. ఒక్క జోడు కూడా లేదు.

"ఎక్కేశారు" అన్నాను.

లంగరెత్తాం. రాత్రికి వంతెన చాటున ఆగుతాం.

నమోదు 5. అదే రోజు, పొద్దుగూకాక

బాలవ్వగారు దొరికారు. ముందు ఆ మాట రాసేస్తున్నాను. ఈ పుస్తకం ఎవరు చదివినా నేను భయపడినంతసేపు భయపడనక్కర్లేదు.

తాళ్ళరేవు ట్యాంకు కనుమరుగై చాలాసేపైంది. పకోడీలు తింటున్నారు. సుగుణగారు పైకి వచ్చి పళ్ళెం అందుకున్నారు. ఎందుకో నా చూపు ఆవిడ కాళ్ళ మీద పడింది. చిన్న పాదాలు, వాటికి మించిన మందపాటి తోలు చెప్పులు.

"ఇవి బాలవ్వగారివి కదండీ?" అన్నాను.

"అవు. నా చెప్పుది ఉంగటం తెగింది. ఇగ పనికిరాదని చెత్తడబ్బల పారేశిన. నేల సురుక్కుమంటాంటె వదినెవి ఏసుకొని అచ్చిన" అన్నారు పకోడీ నములుతూ.

డెక్కు ఈ చివర నుంచి ఆ చివరికి చూశాను.

"బాలవ్వగారేరీ?"

"గదిల పండుకున్నది."

"చూశారా?"

"సూసుడేంది? నాకు చెవు నొస్తాందని ముందుగాల పండుకున్న. లేచేసరికి లేదు. మీదికచ్చిందనుకున్న. ఈడ గూడ లేకపాయె, మల్ల కిందికి వోయిందనుకున్న..." అంటూనే ఆవిడ నమలడం మానేశారు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. గది తలుపు తీసి ఉంది. ఒక మంచం నలిగి ఉంది. రెండో మంచం మీద పొద్దున వేసిన దుప్పటి మడత చెదరలేదు. స్నానాల గదులు చూశాను, వంటగది చూశాను, ఇంజను గదిలో కూడా కేకేశాను. సరంగు గదిలోకి పరుగెత్తి పలక చూస్తే, దూడం బాలవ్వ పేరు పక్కన దీపం పచ్చగా, చల్లగా వెలుగుతోంది. దాన్ని పగలగొట్టాలనిపించింది.

"బాబాయ్, మనిషిని వదిలేశాం" అన్నాను.

దానయ్య బాబాయ్ ఎవరిని అని అడగలేదు, ఎలా అని అడగలేదు. చుక్కాని తిప్పేశాడు. పడవ అంత ఒరిగేసరికి పళ్ళేలన్నీ కింద పడ్డాయి. నేను రేడియోలో చుట్టుపక్కల పడవలకి కబురు చెప్పాను. వచ్చిన దారి పలక మీద గీతలా ఉంది, దాని మీదే వెనక్కి. ప్రయాణికుల్ని పడవకి రెండు వైపులా నిలబెట్టి, నారింజ రంగు తప్ప ఇంకేమీ చూడొద్దని, కళ్ళు పక్కకి తిప్పొద్దని చెప్పాను. బయలుదేరిన రోజు నా ఉపన్యాసానికి ఆవలించినవాళ్ళే, ఒక్కరు రెప్ప వెయ్యలేదు. సింహాద్రి మొప్పకోటు తొడుక్కుని పడవ ముక్కు మీద కూర్చున్నాడు.

"నాదే తప్పక్కా. రమ్మని సైగ సేసేను, వస్తున్నానని సెయ్యి ఊపింది. వెనకాలే వస్తుందనుకున్నాను. రెండోసారి దిగినప్పుడు కనపళ్ళేదు. గుంపుతో ఎక్కేసిందేమోనని నిన్నడిగేను" అన్నాడు.

నన్ను అడిగాడు. నేను స్టాండు చూసి చెప్పాను. తప్పు ఎవరిదో నాకు తెలుసు, కానీ ఏడవడానికి అది వేళ కాదు. ఆటు నీరు లాగుతోంది. ఆవిడ ఊపిరికి ఢోకా లేదు, బ్యాటరీ రేపటిదాకా ఉంటుంది. కానీ కొట్టుకుపోతే రేపటికి ఎంత దూరంలో ఉంటుందో ఎవరికి తెలుసు? చీకటి పడితే నారింజ రంగూ నల్లగానే ఉంటుంది. సుగుణగారు ఆ చెప్పులు విప్పి గుండెకి హత్తుకుని నిలబడ్డారు. ఏడవడం లేదు. "మా అన్నకు నేనేం జెప్పాలె" అని మాత్రం అంటున్నారు, మళ్ళీ మళ్ళీ అదే మాట.

ట్యాంకు మసగ్గా కనపడ్డాక దానయ్య బాబాయ్ ఇంజను ఆపేశాడు. నాకు కంగారు పుట్టింది.

"ఎందుకాపారు?"

"మన సప్పుడుతో మనకే సెవుడొచ్చింది. ఇను."

అందరికీ సైగ చేశాను. పడవ మీద ఒక్క మాట లేదు. అలలు పడవ పొట్టకి తగిలే చప్పుడు. ఎవరో చంటిపిల్లని గుండెకి అదుముకున్నారు. ఏమీ వినపడలేదు. ఇంకాసేపు. గాలి మారింది.

అప్పుడు వినపడింది. సన్నగా, విసుగ్గా, ఆగి ఆగి. విజిల్.

"ట్యాంకు మీద!" అని అరిచింది ఎవరో నాకు గుర్తు లేదు, నేనే కావచ్చు. కాకుల రెట్టల తెలుపు మీద నారింజ గొట్టం నిటారుగా నిలబడి ఉంది. దాని కింద కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి.

సింహాద్రి దూకేశాడు. మేం దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ ట్యాంకు ఇనప మెట్ల మీద నుంచి వాడికి జాగ్రత్తలు చెబుతున్నారు.

"మెల్లగ రా కొడుకా, పాకురున్నది, జారుతవ్!"

ఆవిడని పడవలోకి లాగాం. సుగుణగారు వదిన భుజం మీద రెండు దెబ్బలు వేసి, అదే భుజం మీద పడి భోరుమన్నారు.

"ఏడికి వోయినవే? ఏడికి వోయినవ్?"

"ఏడికి వోత? మీరే పోయిన్రు గదనే" అన్నారు బాలవ్వగారు.

చాయ గ్లాసు చేతికిచ్చి, దుప్పటి కప్పి, నాడి చూసి, చెవులు చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక డెక్కు మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఇంత హాయిగా నేను ఎప్పుడూ ఏడవలేదు. వంటాయన పక్కన నిలబడి, పొగ గంటకి ఇక గుడ్డ చుట్టనని తనంతట తనే అన్నాడు. నమ్మను గానీ ఆ మాట బాగుంది.

ఇక ఆవిడ చెప్పింది.

"ఒక ఇంట్ల పొంటి పోతాంటె రుబ్బురోలు కనవడ్డది బిడ్డా. దాని గుంతల అదేందది, ఎనిమిది చేతులది, గుడ్లువెట్టుకొని కూసున్నది. మనం పిండి రుబ్బే జాగల అది కాపురం వెట్టింది. సూసుకుంట సూసుకుంట యాది మర్శిన. మీదికచ్చేసరికి పడవ పోతనే ఉన్నది. ఒర్రిన. ఎవ్వలినలే. ఎనుక ఈదుదామనిపించింది. గప్పుడు నువ్వు జెప్పింది యాదికచ్చింది, పడవెంట ఈదద్దని. ట్యాంకు దగ్గర్నే ఉండె. పట్టుకొని ఎక్కిన."

"మీరు విన్నారనుకోలేదవ్వా" అన్నాను.

"చాయ సంగతి ఒక్కటి నువ్వు జెప్పలె గనక అడిగిన. కడ్మయన్ని జెప్పితివి గద."

భయం వెయ్యలేదా అని ఎవరో అడిగారు. ఆవిడ గ్లాసులోకి చూశారు.

"నా గురించి గాదు. గీ సుగుణ నన్ను ఎతుక్కుంట నీళ్ళల్ల దుంకుతదేమోనని బుగులైంది. దీనికి సక్కగ ఈత రాదు."

నమోదు 6. వంతెన చాటున, మర్నాడు పొద్దున్న

రేవు ఆఫీసుకి అంతా చెప్పాను. మనిషి క్షేమంగా ఉన్నప్పుడు ఇదంతా రాయడం ఎందుకన్నారు. అప్పటికే రాసేశానన్నాను. చేతిరాత చెరపడం కుదరదు గనక గొంతు తగ్గించి, కొత్త కడియాలు పంపిస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు. ఉన్న కడియాలన్నీ విప్పించి సంచిలో కట్టేశాను. పలక మీద వంటాయన తడిగుడ్డ కప్పాను. దానికి అంతకన్నా మంచి ఉపయోగం దొరికింది.

తర్వాత దానయ్య బాబాయ్ పక్కకి వెళ్ళి కూర్చున్నాను.

"మనుషులకి బదులు వస్తువుల్ని లెక్కపెట్టాను బాబాయ్. చెప్పులు ఎవరైనా తొడుక్కుంటారు. మనకి ఇష్టమున్నా లేకపోయినా ఇకనుంచి మనుషుల్నే చూడాలి" అన్నాను. ఆయన కాదంటే ఏం చెయ్యాలో కూడా అనుకునే వెళ్ళాను. ఇంజను తాళం తీసి నా కొంగుకి కట్టుకుందామని.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మాయమ్మ ఆ సిబిరంలో ఉండేది. సిన్నపిల్లంట. రోజూ తెల్లారగట్టే వచ్చి తల మీద కర్ర తాటించి లెక్కెట్టేవారంట. నలభయ్యో, నలభయ్యొకటో. లెక్క తగ్గితే రాసుకుని ఎల్లిపోయేవారు. తగ్గింది ఎవరని ఒక్కడూ అడగలేదంట. మా అమ్మమ్మ పోయిన నాడు కూడా ఒకటి తగ్గిందనే రాసుకున్నారు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "లెక్కెట్టొద్దమ్మాయ్. పిలు. పేరెట్టి పిలిత్తే నేనెందుకు కాదంటాను?"

ఇంత చిన్న మాట మా ఇద్దరికీ ఇన్నాళ్ళూ తట్టలేదు. నేను లెక్క లెక్క అని, ఆయన వద్దు వద్దు అని కొట్టుకున్నాం. ఆయన్ని కావలించుకోవాలనిపించింది. సరంగు కదా అని ఊరుకుని, రెండో గ్లాసు చాయ తెచ్చి ఇచ్చాను.

కొత్త రూలు రాస్తున్నాను. లంగరెత్తే ముందు ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా పిలవాలి. ఆ మనిషి నాకు ఎదురుగా నిలబడి, ఉన్నానని తన నోటితో తనే చెప్పాలి. భార్య బదులు భర్త, వదిన బదులు ఆడబిడ్డ పలికితే చెల్లదు. నిద్రపోతుంటే లేపుతాను, స్నానంలో ఉంటే తలుపు కొడతాను. ఎవరు తిట్టుకున్నా నాకు పట్టదు.

నమోదు 7. మళ్ళీ తాళ్ళరేవు

తిరిగి వెళ్ళిపోదామా అని ప్రయాణికుల్ని అడిగాను. ఎవరైనా భయపడితే తప్పులేదని కూడా చెప్పాను. అందరూ బాలవ్వగారి వైపు చూశారు.

"గుడ్లు పిల్లలైనయో లేదో సూడకుంట ఎట్ల పోతం?" అన్నారు ఆవిడ.

దానితో మళ్ళీ తాళ్ళరేవు వచ్చాం. సుగుణగారి చెవిపోటు తగ్గిందని చూశాకే దిగనిచ్చాను. సింహాద్రి ఈసారి వదినా ఆడబిడ్డల నడుముల మధ్య తాడు కట్టి, రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు. సుగుణగారికి నా జోళ్ళు ఇచ్చాను. నేను డెక్కు మీద పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. ముగ్గురి తలలూ ఒకచోటే తేలాయి. పిల్లలింకా కాలేదట, తల్లి మాత్రం రోలు వదలకుండా కాచుకుని కూర్చుందట.

అందరూ ఎక్కారు. ఎక్కారని నాకు కళ్ళకి కనపడుతూనే ఉంది, అయినా పుస్తకం పట్టుకుని డెక్కు మధ్యన నిలబడ్డాను. పకోడీలు ఆపించాను. సరంగు ఇంజను మీద చెయ్యి వేసి నా వైపు చూస్తున్నాడు.

ముందు మొహమాటపడ్డారు. బళ్ళో హాజరులా ఉందని నవ్వారు. రెండు మూడు పేర్లు పిలిచేసరికి నవ్వులు ఆగాయి. ఒక్కొక్కరూ ముందుకు వచ్చి నిలబడి, ఉన్నానండీ, ఉన్న, ఉన్నానమ్మా అని ఎవరి మాటలో వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. చంటిపిల్ల బదులు తల్లి చెప్పబోతే, పిల్ల మొహం చూపిస్తే చాలన్నాను. చూపించింది. పిల్ల నన్ను చూసి ఏడ్చింది, చెల్లుతుందని రాసుకున్నాను.

"మేరుగు సింహాద్రి."

"ఉన్నానక్కా."

"సూరాడ దానయ్య."

ఆయన ఆ పేరు బయటివాళ్ళ ముందు ఎప్పుడు విన్నాడో మరి. తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నానమ్మాయ్."

"దూడం బాలవ్వ."

సుగుణగారు అలవాటు కొద్దీ నోరు తెరిచి, చటుక్కున రెండు చేతులతో మూసుకున్నారు. పడవంతా చూస్తోంది. బాలవ్వగారు తడిజుట్టు వెనక్కి తోసుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఉన్న బిడ్డా" అన్నారు.

ఆ మాట కోసం నేను నిన్నటినుంచి ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది. వదిలాను. సుగుణగారు కూడా తన పేరుకి తనే పలికాక, పుస్తకం మూసి, ఇంజను వెయ్యమని సరంగుకి చెయ్యెత్తాను.

ఆయన వెయ్యలేదు.

"ఆగుండ్రి. దీన్ని ఎవలు పిలుస్తరు?" అన్నారు బాలవ్వగారు, నన్ను చూపిస్తూ.

పిలవడానికి నేను రాసుకున్న పేర్లలో నా పేరు లేదు. బాలవ్వగారు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, మగ్గాల చప్పుడు మీద వినపడేలా మాట్లాడి అలవాటైన గొంతుతో పిలిచారు.

"గరికిన నూకరత్నం!"

ఆవిడకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. రూలు నేను రాసిందే గనక ఎవరూ నా బదులు పలకలేదు.

"ఉన్నానవ్వా" అన్నాను.

దానయ్య బాబాయ్ ఇంజను వేశాడు.